షేక్‌స్పియర్ అంటే ఎలిజబెత్ కాలమేనా? అపోహలు - వాస్తవాలు

పీజీ ఇంగ్లిష్ విద్యార్థులకు, జూనియర్ లెక్చరర్ (జేఎల్), డిగ్రీ లెక్చరర్ (డీఎల్), నెట్ పరీక్షలు రాసేవాళ్లకు పాఠాలు చెప్పబట్టి పంతొమ్మిదేళ్లు దాటింది. కొత్త బ్యాచ్ రాగానే మొదటి వారంలో ఒక చిన్న టెస్ట్ పెడతాను. ‘షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకం రాసినప్పుడు ఇంగ్లండ్ సింహాసనం మీద ఎవరున్నారు?’ అనే ప్రశ్న అందులో తప్పకుండా ఉంటుంది. ఈసారి కూడా సగానికి పైగా పేపర్లలో ఒకటే జవాబు: ఎలిజబెత్ రాణి. ఇది పిల్లల తప్పు కాదు. గైడ్లలోనూ, పది నిమిషాల వీడియోల్లోనూ ‘ఎలిజబెతన్ ఏజ్, షేక్‌స్పియర్’ అని రెంటినీ కలిపి రాసి వదిలేస్తున్నారు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా చెబుతాను. మిగతావి తర్వాత గబగబా చూద్దాం.

అపోహ: షేక్‌స్పియర్ నాటకాలన్నీ ఎలిజబెత్ కాలానివే.

వాస్తవం: ఎలిజబెత్ 1603 మార్చి 24న చనిపోయింది. ఆ తర్వాత షేక్‌స్పియర్ దాదాపు పదేళ్లు రాశాడు. జూలియస్ సీజర్, హామ్లెట్, ట్వెల్ఫ్త్ నైట్ రాణి కాలంలోవి. ఒథెల్లో, కింగ్ లియర్, మాక్‌బెత్, ఆంటోనీ అండ్ క్లియోపాత్రా, టెంపెస్ట్ ఆమె తర్వాత సింహాసనమెక్కిన జేమ్స్ రాజు కాలంలోవి. మనం ‘నాలుగు గొప్ప ట్రాజెడీలు’ (హామ్లెట్, ఒథెల్లో, కింగ్ లియర్, మాక్‌బెత్) అని చెప్పుకునే వాటిలో మూడు రాణి పోయాక వచ్చినవే.

జేమ్స్ స్కాట్లండ్ నుంచి వచ్చి లండన్‌లో అడుగుపెట్టిన రెండు వారాల్లోపే, మే 19న, షేక్‌స్పియర్ నాటక కంపెనీకి తన పేరు మీద అనుమతి పత్రం ఇచ్చాడు. అంతవరకు లార్డ్ చాంబర్లిన్స్ మెన్‌గా ఉన్నవాళ్లు ఆ రోజు నుంచి కింగ్స్ మెన్. మరుసటి ఏడాది రాజు ఊరేగింపు కోసం మనిషికి నాలుగున్నర గజాల ఎర్రబట్ట ఇచ్చినట్టు రాజుగారి లెక్కల్లోనే ఉంది, ఆ జాబితాలో షేక్‌స్పియర్ పేరు కూడా ఉంది. అంటే మాక్‌బెత్ రాసిన మనిషి రాజుగారి కొలువులో పేరున్న నటుడు.

దీన్ని ఒక్క మార్కు ప్రశ్నగా చూడకండి. కొన్నేళ్ల కిందట నా స్టూడెంట్ ఒకమ్మాయి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లింది. మాక్‌బెత్‌లోని మంత్రగత్తెల మీద పని చేయాలని ఆమె కోరిక. ప్రపోజల్ శీర్షికలోనే ‘ఎలిజబెతన్ భయాలు’ అని రాసుకుంది. అంతకుముందు ఎక్కడో తీసుకున్న కోచింగ్ నోట్స్‌లో అలాగే ఉందట. లోపల మొదటి ప్రశ్న: అప్పుడు రాజు ఎవరు? ఆ తర్వాత ఇంకేం అడిగారో తనకు గుర్తు లేదంది. బస్టాండ్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. చదవని పిల్ల కాదు, నాటకం మొత్తం నోటికి చెప్పగలదు. ఒక తప్పు నోట్సు వల్ల ఏడాది పోయింది. ఆ ఫోన్ నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ ఏడాది మేమిద్దరం కూర్చుని మళ్లీ చదివాం. జేమ్స్ స్కాట్లండ్ రాజుగా ఉన్నప్పుడు అన్నా అనే డెన్మార్క్ రాకుమారిని పెళ్లాడాడు. ఆ సముద్ర ప్రయాణాల్లో తుఫాన్లు వచ్చాయి. మంత్రగత్తెలే రేపారని 1590, 1591లలో నార్త్ బెరిక్ విచారణలు జరిగితే రాజు స్వయంగా కూర్చుని ప్రశ్నలు వేశాడు. వాళ్లు జల్లెడలెక్కి సముద్రం మీద వెళ్లారని అప్పట్లో అచ్చయిన కరపత్రంలో ఉంది. ఇప్పుడు మాక్‌బెత్ మొదటి అంకం మూడో రంగం తెరవండి. మొదటి మంత్రగత్తె ఓ నావికుడి భార్య మీద పగతో జల్లెడెక్కి అలెప్పో వెళ్తానంటుంది, మిగతా ఇద్దరూ ఆమెకు గాలుల్ని ఇస్తామంటారు. మంత్రవిద్య మీద 1597లో ఒక పుస్తకమే రాసిన రాజు కాలంలో వచ్చిన మాటలివి.

నాటకంలో మాక్‌బెత్‌కు తోటి సేనాని అయిన బ్యాంకో సంగతి కూడా అంతే. షేక్‌స్పియర్ కథ తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో మాక్‌బెత్ చేసిన రాజు హత్యకు బ్యాంకో కూడా తోడుదొంగే. నాటకంలో మాత్రం అతను నిర్దోషి. ఎందుకంటే స్టువర్ట్ వంశం బ్యాంకో నుంచే వచ్చిందని అప్పటివాళ్ల నమ్మకం, జేమ్స్ ఆ వంశంవాడు. 1605 నవంబర్ 5న పార్లమెంటును పేల్చేయాలనుకున్న మందుగుండు కుట్ర బయటపడింది. మరుసటి ఏడాది వచ్చిన మాక్‌బెత్‌లో ద్వారపాలకుడు రెండు నాలుకల మాటలు చెప్పేవాడి గురించి మాట్లాడతాడు. ఆ కుట్ర కేసులో గార్నెట్ అనే పాద్రీని అలాంటి మాటల మీదే నిలదీసి ఉరి తీశారు. ఎలిజబెత్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టి చదివితే ఇవేవీ కనపడవు.

కింగ్ లియర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లను ఒకటి చేయాలని జేమ్స్ పట్టుబడుతున్న రోజుల్లో, 1606 డిసెంబర్ 26 రాత్రి, వైట్‌హాల్ ప్యాలెస్‌లో ఆయన ఎదుటే ఈ నాటకం ఆడారు. రాజ్యాన్ని ముక్కలు చేసిన రాజు గతి ఏమైందో ఆ కథ.

జేమ్స్ కాలాన్ని జాకోబియన్ అంటారు, లాటిన్‌లో జేమ్స్ అంటే జాకోబస్ కాబట్టి. ఫ్రెంచి విప్లవంలోని జాకోబిన్లతో దీనికి సంబంధం లేదు. బిట్స్‌లో ఈ రెంటినీ పక్కపక్కనే ఇస్తారు, జాగ్రత్త.

అపోహ: షేక్‌స్పియర్‌ది ఓల్డ్ ఇంగ్లిష్, తెలుగు మీడియం వాళ్లకు ఎక్కదు.

వాస్తవం: ఓల్డ్ ఇంగ్లిష్ అంటే బేవుల్ఫ్ అనే ప్రాచీన కావ్యం భాష. షేక్‌స్పియర్‌ది ఎర్లీ మోడర్న్ ఇంగ్లిష్. తెలుగు మీడియం అని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. అందులోని ‘దౌ’, ‘యూ’ తేడా మనకు వెంటనే తెలుస్తుంది, మనకు నువ్వు, మీరు ఉన్నాయి కాబట్టి. హామ్లెట్ మూడో అంకంలో తల్లి కొడుకును ‘దౌ’ అంటుంది. కొడుకు ‘యూ’ అని ఎదురు జవాబిస్తాడు. మరుక్షణం తల్లి కూడా ‘యూ’లోకి మారిపోతుంది. మన ఇళ్లలో అమ్మకు కోపం వస్తే పిల్లల్ని ‘మీరు’ అనదూ? క్లాసులో ఇది చెప్పగానే వెనక బెంచీల్లో ముఖాలు వెలుగుతాయి.

అపోహ: రాణి షేక్‌స్పియర్ కంపెనీ ఆడే గ్లోబ్ థియేటర్‌కి వచ్చి నాటకాలు చూసేది.

వాస్తవం: సినిమాల్లో చూపిస్తారు, ఆధారం మాత్రం లేదు. నటులే వైట్‌హాల్, గ్రీనిచ్, రిచ్‌మండ్ ప్యాలెస్‌లకు వెళ్లి ఆడేవాళ్లు, ముఖ్యంగా క్రిస్మస్ రోజుల్లో. ఏం ఆడాలో రాజాస్థానపు వినోదాల అధికారి మాస్టర్ ఆఫ్ ద రెవెల్స్ ముందే చూసి ఒప్పుకోవాలి. గ్లోబ్‌లో నిలబడి చూసే సామాన్యుడికి టికెట్ ఒక పెన్నీ.

అపోహ: షేక్‌స్పియర్ అసలు రాయలేదు, వేరేవాళ్లు రాశారు.

వాస్తవం: వాట్సాప్‌లో ఇది వచ్చిన ప్రతిసారీ నాకు విసుగొస్తుంది. 1598 నుంచే ముద్రిత నాటకాల మీద ఆయన పేరుంది. 1623లో 36 నాటకాలతో ఫస్ట్ ఫోలియో అనే సంపుటం తెచ్చింది ఆయనతో కలిసి నటించిన హెమింజెస్, కాండెల్. అసలు రచయిత ఆ కాలపు మరో నాటకకర్త మార్లో అంటారు, మార్లో 1593లోనే హత్యకు గురయ్యాడు. ఆక్స్‌ఫర్డ్ ప్రభువు అంటారు, ఆయన 1604లో పోయాడు. మాక్‌బెత్, లియర్, టెంపెస్ట్ ఆ తర్వాతివి. 1603కి అటూ ఇటూ ఏవేవో తెలిస్తే ఈ పుకారు దగ్గర ఆగాల్సిన పనే ఉండదు.

అపోహ: ఎలిజబెత్‌తోనే రినైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) నాటకం అయిపోయింది.

వాస్తవం: బెన్ జాన్సన్ వోల్పోనీ, వెబ్‌స్టర్ డచెస్ ఆఫ్ మాల్ఫీ జాకోబియన్ నాటకాలు. జేమ్స్ తర్వాత వచ్చిన చార్లెస్ రాజు కాలంలో జాన్ ఫోర్డ్, షర్లీ ఇంకా రాస్తున్నారు. 1642 సెప్టెంబర్‌లో థియేటర్లు మూయించింది పార్లమెంటు, రాజు కాదు. ఆడవాళ్ల పాత్రలు అంతవరకు మగపిల్లలే వేశారు. మధ్యలో రద్దయిన రాజరికం 1660లో తిరిగొచ్చాకే నటీమణులు పబ్లిక్ స్టేజీ ఎక్కారు.

‘మేడమ్, డేట్లన్నీ బట్టీ పట్టాలా?’ అని రాత్రి పదకొండింటికి కూడా మెసేజ్‌లు వస్తాయి. అక్కర్లేదమ్మా. 1576లో నటుడు జేమ్స్ బర్బేజ్ లండన్ శివారు షోర్‌డిచ్‌లో ‘ద థియేటర్’ కట్టాడు, 1603లో రాణి పోయి జేమ్స్ రాజు వచ్చాడు, 1642లో థియేటర్లు మూతపడ్డాయి. ముందు ఈ మూడూ చాలు. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకుని నడిమధ్యన 1603 అని రాసి నిలువుగా గీత గీయండి. చదివిన ప్రతి నాటకాన్నీ గీతకు ఏదో ఒక పక్క రాయండి. హామ్లెట్ ఎడమ పక్క, లియర్ కుడి పక్క.