తొంభై రెండు శాతం అంటే ఎంత తేడా?

"ఐ-స్క్వేర్ 92 శాతం అని ఉంది. అంటే నూటికి 92 పరిశోధనలు ఒకదానితో ఒకటి కుదరనట్టేనా అండీ?" అని ఒక వైద్య విద్యార్థిని అడిగింది. కాదు. పరిశోధనల ఫలితాల మధ్య కనిపించే తేడాలో కాకతాళీయం కానిది ఎంత శాతమో చెప్పే కొలత అది. కానీ ఆ శాతం గుర్తు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఆమె చూసింది క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మీద 13 ట్రయల్స్‌ని కలిపిన మెటా అనాలిసిస్, అంటే వేర్వేరు పరిశోధనల ఫలితాల్ని కలిపి ఒకే సగటు తీసే లెక్క. బ్రిటన్ ట్రయల్‌లో టీకా క్షయను దాదాపు ముప్పావు వంతు తగ్గించింది. లక్షా డెబ్బై వేలకు పైగా మంది ఉన్న చెంగల్పట్టు ట్రయల్‌లో టీకా వేసినా వేయకపోయినా ఒకటే. ఇంత తేడా కాకతాళీయంగా వస్తుందా?

ఇది తేల్చడానికి గణాంక శాస్త్రవేత్త విలియం కోక్రన్ 1954లో వివరించిన 'క్యూ' అనే కొలత ఉంది. ఒక్కో ఫలితం సగటుకి ఎంత దూరంలో ఉందో చూసి, దాన్ని వర్గం చేసి, కచ్చితమైన పరిశోధనకి ఎక్కువ బరువిచ్చి కూడతారు. తేడాలన్నీ కాకతాళీయమే అయితే 13 ట్రయల్స్‌కి సుమారు 12 రావాలి. వచ్చింది 152! అదనపు 140ని 152తో భాగిస్తే 92 శాతం. 2002లో హిగిన్స్, థాంప్సన్ ఇచ్చిన ఐ-స్క్వేర్ అదే.

రేడియోలో మాట, గరగర కలిసి వినిపిస్తాయి కదా. మొత్తం శబ్దంలో మాట వాటా ఎంతో ఐ-స్క్వేర్ చెబుతుంది. మాట ఎంత గట్టిగా ఉందో చెప్పదు. పరిశోధనల మధ్య అసలు తేడా మాట, చిన్న శాంపిల్ వల్ల వచ్చే ఊగిసలాట గరగర. మాట 4, గరగర 4 అయితే 50 శాతం. మాట అదే 4 ఉండి గరగర 1కి తగ్గితే 80 శాతం. గరగర 36కి పెరిగితే 10 శాతమే. మూడు చోట్లా మాట మారలేదు! అందుకే పెద్ద పెద్ద ట్రయల్స్‌ని కలిపినప్పుడు చిన్న తేడాకే ఐ-స్క్వేర్ ఎగబాకుతుంది. చిన్నవాటిని కలిపితే పెద్ద తేడా కూడా గరగరలో మునిగిపోతుంది. 'ఐ-స్క్వేర్ సున్నా వచ్చింది, పరిశోధనలన్నీ ఏకీభవించాయి' అని రాసేస్తుంటే నాకు బాధేస్తుంది.

మాట గట్టిదనం కొలిచేది టౌ-స్క్వేర్. దాన్నుంచి ప్రిడిక్షన్ ఇంటర్వల్, అంటే కొత్త ట్రయల్ ఫలితం ఉండగల పరిధి, వస్తుంది. బీసీజీ లెక్కలో సగటు రిస్క్ రేషియో (టీకా వేసినవాళ్ల ముప్పుని వేయనివాళ్ల ముప్పుతో భాగిస్తే వచ్చేది) 0.49, అంటే జబ్బు ముప్పు సగానికి తగ్గినట్టు. కానీ ఇలాంటి ట్రయల్ కొత్తగా ఇంకొకటి చేస్తే రిస్క్ రేషియో దాదాపు 0.15 నుంచి 1.55 దాకా ఎక్కడైనా ఉండొచ్చు; 1 దాటిందంటే టీకా వేసినవాళ్లకే ముప్పు ఎక్కువన్నట్టు. భూమధ్యరేఖకి దూరం వెళ్లేకొద్దీ టీకా బాగా పనిచేసిందని కూడా ఆ 13 ట్రయల్స్‌లోనే బయటపడింది. ఆ విద్యార్థినికి ఇదంతా చెప్పాక, "అయితే ముందు అక్షాంశం చూడాలన్నమాట" అంది.