మున్సిపాలిటీ అయితే 1/70 పోతుందా? ఏజెన్సీ భూములు: అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే ఫోను. "సార్, కిన్నెరసాని దగ్గర రెండు వందల గజాల ప్లాటు. ఇప్పుడు నోటరీ చేసిస్తారట. ఊరు మున్సిపాలిటీలో కలిశాక రిజిస్ట్రేషన్ అవుతుందట." ఈ "అట"లను నమ్మి ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో ఎల్‌టీఆర్ (ఏజెన్సీ భూముల బదిలీ నియంత్రణ) కేసులు చూసే మా వకీళ్లకు తెలుసు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనకుండా ఆ నిబంధనలకు 1970లో తెచ్చిన సవరణనే 1/70 అంటారు.

అపోహ: మున్సిపాలిటీ వస్తే 1/70 వర్తించదు.

వాస్తవం: ఏది షెడ్యూల్డ్ ప్రాంతమో, అంటే ఏజెన్సీనో, చెప్పేది రాష్ట్రపతి ఉత్తర్వు. తెలంగాణ ఏజెన్సీకి 1950 డిసెంబరు 7 నాటి ఉత్తర్వే మూలం. అందులోని ఊరిని తీసేయాలన్నా రాష్ట్రపతే తీయాలి. మున్సిపల్ జీవోతో అది జరగదు.

అసలు తిరకాసు మున్సిపాలిటీకే ఉంది. రాజ్యాంగంలోని 243జడ్‌సీ ప్రకారం, పార్లమెంటు చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల నిబంధనలు షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించవు. పంచాయతీలకైతే 1996లో అలాంటి చట్టమే, పెసా, వచ్చింది. పట్టణాల కోసం 2001లో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. ఏజెన్సీలో ఉన్న మందమర్రిలో ఏళ్ల తరబడి మున్సిపల్ ఎన్నికలు జరగకపోవడానికి మూలం ఈ చిక్కే. అంటే అనుమానంలో పడేది మున్సిపాలిటీ, 1/70 కాదు.

"అమ్మేవాడు కూడా గిరిజనేతరుడే కదా సార్" అంటారు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1970 ఫిబ్రవరి 3 నుంచి ఏజెన్సీలో అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనులో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీయో కావాలి. లేకపోతే ఆ అమ్మకం చెల్లదు. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది కూడా. ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, నోటరీ, సాదా బైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు), ఏదీ హక్కు ఇవ్వదు. గిరిజన మిత్రుడి పేరు మీద కొంటే అది బినామీ, అదీ నిషేధమే.

సింగరేణిలో రిటైరైన ఒకాయన భార్యతో వచ్చాడు. కవర్లోంచి నోటరీ కాగితం తీశాడు. "పాడవకుండా ల్యామినేషన్ కూడా చేయించాం సార్" అంది ఆవిడ. నాకు నోట మాట రాలేదు. మా నాన్నదీ ఇదే కథ. తెల్లకాగితం మీద కొన్న జాగా చెల్లదని లా చదువుతున్న రోజుల్లో నేను చెబితే, నన్ను నమ్మక ఇంకో వకీలు దగ్గరికి వెళ్లాడు. ఆయన కూడా అదే చెప్పాడు. రెండు రోజులు నాన్న నాతో మాట్లాడలేదు.

అపోహ: గిరిజనేతరులందర్నీ ఖాళీ చేయిస్తారు.

తాతల కాలం నుంచి కొట్టు పెట్టుకున్నవాళ్లు ఈ పుకారుతో నిద్ర పోవడం లేదు. అంత టెన్షన్ అక్కర్లేదు. ఒక గిరిజనేతరుడి నుంచి ఇంకొకరు 1970కి ముందు కొన్నది ఆ సవరణతో రద్దు కాలేదు. తండ్రి ఆస్తి పిల్లలకు రావడం బదిలీ కింద లెక్కకు రాదు. అయితే రుజువు చూపాల్సింది మీరే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినట్టే చట్టం మొదట అనుకుంటుంది. అందుకే పాత దస్తావేజు, 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ నకలు భద్రంగా పెట్టుకోండి. అమ్ముకోవాలంటే గిరిజనుడికి అమ్మాలి. కొనేవాళ్లు లేకపోతే ప్రభుత్వం తీసుకుని పరిహారం ఇవ్వాలని దరఖాస్తు చేసుకోవచ్చు.

మిగతావి చకచకా. లంబాడాలు ఇక్కడ గిరిజనులు కారా? 1976 నుంచి ఎస్టీలే, కొనొచ్చు. కిన్నెరసాని చెరువు పక్కన ఖాళీగా కనిపించేదంతా ఎవరిదీ కాదా? పాల్వంచ థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చే ఆ జలాశయం చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది, 1977 నుంచి. బోటెక్కి జింకల పార్కు చూసి వెళ్లేవాళ్ల కళ్లకు కోయ గూడేలు ఆనవు, అంతే.

ఫోను చేసినాయన్ని ఒక్కటే అడిగాను, "ప్లాటు ఏ రెవెన్యూ గ్రామంలో ఉంది, సర్వే నంబరెంత?" అని. కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు.

"బ్రోషర్‌లో లేక్ వ్యూ అని ఒక్కటే ఉంది సార్."