పాట వచ్చే దారిలో గడియారం ఎక్కడుంది?

విజయవాడ నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా ఇంట్లో మంచి ఆంప్లిఫయరు, స్పీకర్లు ఉన్నాయండీ. పాటలు మాత్రం నెట్‌లోనే వింటాను. రౌటర్‌కీ స్ట్రీమర్‌కీ (నెట్ నుంచి పాటని తెచ్చుకునే పెట్టె) మధ్య 12 వేల రూపాయల ల్యాన్ కేబుల్ వేస్తే సౌండు తేటపడుతుందని షాపులో చెప్పారు. వేయమంటారా?"

వద్దండీ. ఆ డబ్బు అట్టే ఉంచండి, దేనికి పెట్టాలో తర్వాత చెబుతాను. ఎందుకు వద్దంటున్నానో అర్థం కావాలంటే ముందు మీ డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు చూడాలి.

కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎంత జోరుగా వస్తాయో మన చేతిలో లేదు. ఓ పూట ఉరుకుతూ వస్తాయి, ఓ పూట సన్నగా కారతాయి. సంపులో పడి, మోటారు వేశాక ట్యాంకులోకి ఎక్కుతాయి. అయినా వంటింట్లో కుళాయి తిప్పితే ధార రోజూ ఒకేలా ఉంటుంది. ఆ ధారకి ట్యాంకు ఎత్తుతో పని ఉంది, కుళాయి తిప్పే చేతితో పని ఉంది. వీధిలో వేసింది ఇనప పైపా ప్లాస్టిక్ పైపా అన్నదానితో పని లేదు.

నెట్‌లో పాట కూడా ఇలాగే వస్తుంది. నాలుగు నిమిషాల పాట, సీడీ నాణ్యతలో, ఫ్లాక్ (ఒక్క అంకె కూడా పోకుండా కుదించిన) ఫైలుగా సుమారు 25 మెగాబైట్లు ఉంటుంది. అది దాదాపు 1,460 బైట్ల ముక్కలుగా, అంటే 17 వేల ప్యాకెట్లుగా విడిపోయి బయల్దేరుతుంది. కొన్ని గుంపుగా వస్తాయి, కొన్ని వెనకబడతాయి, ఒకటీ అరా దారిలోనే పోతాయి. ప్రతి ప్యాకెట్ వెంటా, లోపలి అంకెలను బట్టి లెక్కకట్టిన ఒక చిన్న సంఖ్య ఉంటుంది. చేరుకున్న చోట ఆ లెక్క మళ్లీ వేస్తారు. సరిపోకపోతే ప్యాకెట్‌ని పారేస్తారు, పంపినవాడు దాన్ని మళ్లీ పంపుతాడు. ఇక్కడ నా ట్యాంకు పోలిక కొంచెం చాలదు, ఎందుకంటే వీధి నీళ్లలో మట్టి వస్తే మన ట్యాంకులోకీ వస్తుంది. చుక్క చుక్కనీ పరీక్షించి, మురికి చుక్కకి బదులు మంచి చుక్క తెప్పించుకునే ట్యాంకు ఉందనుకోండి, అదీ మీ స్ట్రీమర్‌లోని బఫర్. నిండగానే మోటారు ఆపే ఆటోమేటిక్ స్విచ్ కూడా దానికి ఉంది. బఫర్ నిండితే సర్వర్‌కి 'కాసేపు ఆగు' అని కబురు వెళ్తుంది.

అంటే కేబుల్‌లో ప్రయాణించేటప్పుడు పాటకి కాలం లేదు. అప్పటికి అది ఒట్టి అంకెల మూట. కాలం పుట్టేది చివర్లో, ఆ అంకెల్ని విద్యుత్తుగా మార్చే డ్యాక్ పక్కన ఉన్న క్వార్ట్జ్ స్ఫటికం దగ్గర. పాటకి గడియారం ఆ స్ఫటికమే, మన కుళాయి తిప్పే చెయ్యి అదే. మంచి డ్యాక్ మూత తీసి చూస్తే చాలావాటిలో చిన్న రేకు డబ్బాల్లాంటివి రెండు కనిపిస్తాయి. ఒకటి సెకనుకు 2,25,79,200 సార్లు కొట్టుకుంటుంది, రెండోది 2,45,76,000 సార్లు. రెంటినీ 512తో భాగించి చూడండి: 44,100, 48,000 వస్తాయి. సౌండుని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమూనా తీశారో చెప్పే సంఖ్యలివి. మొదటిది సీడీ పాటలకి, రెండోది సినిమా, వీడియో సౌండుకి. 44,100 అనే వింత సంఖ్య కూడా టీవీ పుణ్యమే. 1970ల చివర్లో డిజిటల్ సౌండుని వీడియో టేపు మీద రికార్డు చేసేవారు. టీవీ బొమ్మలోని గీతకి 3 నమూనాలు, 245 గీతలు, సెకనుకు 60 సార్లు. గుణించి చూసుకోండి.

ఆ స్ఫటికం కొట్టుకోవడంలో వచ్చే తడబాటునే జిట్టర్ అంటారు. స్థాయిని మెట్లు మెట్లుగా కొలిచే 16 బిట్ల సీడీ సౌండులో 20 కిలోహెర్ట్జ్ స్వరం పూర్తి స్థాయిలో మోగుతున్నప్పుడు, తప్పు సగం మెట్టు కూడా దాటకూడదంటే గడియారం 121 పికోసెకన్లకు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) మించి తప్పటడుగు వేయకూడదు. అంతసేపట్లో కాంతి కూడా మూడున్నర సెంటీమీటర్లే వెళ్తుంది! ఇది విని టెన్షన్ పడొద్దు. అంత పెద్ద 20 కిలోహెర్ట్జ్ స్వరం పాటల్లో ఉండదు. మనుషుల మీద చేసిన పరీక్షల్లో చెవి జిట్టర్‌ని పసిగట్టడానికి పదుల నుంచి వందల నానోసెకన్ల (నానోసెకను అంటే వెయ్యి పికోసెకన్లు) తడబాటు అవసరమైంది. ఇవాళ్టి మామూలు డ్యాక్‌లు అంతకన్నా ఎంతో మెరుగు.

కేబుల్ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. సీడీ ప్లేయర్ నుంచి డ్యాక్‌కి ఒంటి తీగతో కలిపే పాత పద్ధతిలో అంకెలతో పాటే గడియారమూ ఆ తీగలోనే ప్రయాణిస్తుంది. ట్యాంకు లేకుండా వీధి పైపుకే కుళాయి బిగించినట్టు. అక్కడ తీగ బాగోకపోతే గడియారం నిజంగానే తడబడగలదు. తర్వాత బఫర్లు వచ్చాయి, డ్యాక్ తన గడియారం ప్రకారం తనే అంకెల్ని అడిగి తీసుకునే యూఎస్‌బీ పద్ధతి వచ్చింది. కారణం పోయినా నమ్మకం మిగిలింది. చాలా ఆచారాల కథ ఇంతే, అందుకే నమ్మేవాళ్లని చూస్తే నాకు కోపం రాదు.

తీగ వల్ల వచ్చే నిజమైన కష్టం ఒకటుంది, అది కరెంటుది. మూడు పిన్నుల ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌ని యూఎస్‌బీతో డ్యాక్‌కి కలిపితే మా స్పీకర్లలో సన్నగా 'జుంయ్' అనేది. ఛార్జర్ పీకేస్తే ఠక్కున ఆగిపోయేది. ఎర్త్ తీగలు రెండు దారుల్లో కలిసి చుట్టుగా మారడమే కారణం. ల్యాన్ పోర్టులో అయితే బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి మామూలు ల్యాన్ తీగలో ఈ చుట్టుని తెంపేస్తాయి. వైఫైలో అసలు తీగే లేదు.

ఇక ఖర్చు లేని పనులు. యాప్ సెట్టింగుల్లో వైఫై క్వాలిటీ లాస్‌లెస్ (ఏ అంకే పోని నాణ్యత) మీద ఉందో లేదో చూడండి. బ్లూటూత్ వద్దు, దారిలో పాటని మళ్లీ కుదిస్తుంది. మా డ్యాక్ మీద చిన్న తెర ఉంది. ఫోను తగిలించి ఏ పాట పెట్టినా '48' అనే చూపించేది. అంటే సీడీ పాటలో ప్రతి 147 నమూనాలకూ ఫోను తన లెక్కతో 160 తయారుచేస్తోందన్నమాట. నేరుగా డ్యాక్‌కే పంపే సెట్టింగు వెతికి పెట్టాక లోపల రిలే అనే బుల్లి స్విచ్ 'టక్' మంది, తెర మీద 44.1 పడింది. చెవికి పెద్ద తేడా తెలియలేదు, మనసు మాత్రం కుదుటపడింది.

ఏ రెండింటిని పోల్చినా ముందు సౌండు స్థాయి సమానం చేయండి. అర డెసిబెల్ ఎక్కువున్నా అది 'ఎక్కువ సౌండు' అనిపించదు, 'ఎక్కువ బాగుంది' అనిపిస్తుంది. తర్వాత, ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ప్రచురించిన పరీక్షలో హై రిజల్యూషన్ (సీడీ కన్నా సూక్ష్మంగా రికార్డు చేసిన) సౌండునీ, దాన్నే సీడీ స్థాయికి దించినదాన్నీ గుర్తుపట్టమన్నారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

మరి 12 వేలు? గదికి. గచ్చు, టైల్స్, సిమెంటు గోడలు, అద్దాల కిటికీలు ఉన్న మన గదుల్లో చప్పట్లు కొడితే ఝణఝణమంటుంది. దళసరి కర్టెన్లు, కింద తివాచీ, గోడకి పుస్తకాల అర వీటికి మందు. కానీ బాస్ వీటికి లొంగదు. మా గది పొడవు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. ధ్వని వేగం 345ని ఆ పొడవుకి రెట్టింపుతో భాగిస్తే 47 వస్తుంది. ఆ 47 హెర్ట్జ్ అల రెండు గోడల మధ్య సరిగ్గా ఇరుక్కుని, గోడల దగ్గర ఉబ్బి, గది నడుమ మాయమవుతుంది. మా సోఫా గోడకి ఆనుకుని ఉండేది. డప్పు మోగితే దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే మూలుగు. సోఫాని నాలుగడుగులు ముందుకి జరిపాం, స్పీకర్లని మూలల నుంచి రెండడుగులు బయటికి లాగాం. అదే పాట మళ్లీ పెడితే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినిపించింది.

మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాయండి. ఎన్ని హెర్ట్జ్ దగ్గర మూలుగుతుందో లెక్క వేసి పంపుతాను.