నిమ్మరసానికి చావని పురుగు

థాయ్‌లాండ్ ఈశాన్య భాగాన్ని ఈసాన్ అంటారు. వరి పొలాలు, చెరువులు, మెకాంగ్ వైపు పారే మూన్, చీ నదులు ఉన్న ప్రాంతమది. అక్కడి ఊళ్లలో కోయ్ ప్లా అంటే పడి చస్తారు. అప్పుడే పట్టిన వేలెడు చేపల్ని ముళ్లతో సహా కత్తితో సన్నగా కొట్టి, నిమ్మరసం పిండి, ఫిష్ సాస్, ఎండుమిర్చి కారం, వేయించి దంచిన బియ్యప్పొడి, చిన్న ఉల్లిపాయలు, పుదీనా వేసి కలుపుతారు. పొయ్యి వెలిగించే పనే లేదు. పొలం గట్టు మీదే కూర్చుని, జిగురు బియ్యపు అన్నంతో నంజుకుంటారు. నలుగురు మగవాళ్లు చేరితే పక్కన నాటు సారా కూడా ఉంటుంది.

ఇదే ప్రాంతంలోని ఖోన్ కేన్ ప్రావిన్స్‌లో పిత్తనాళాల (కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే గొట్టాల) క్యాన్సర్ ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువ. ఒక దశలో అక్కడి మగవాళ్లలో కాలేయ క్యాన్సర్ ఏటా లక్షకు 80 మందికి పైగా కనిపించేది. వాటిలో చాలా మటుకు పిత్తనాళాల్లో మొదలైనవే. చాలా దేశాల్లో పిత్తనాళాల క్యాన్సర్ లక్షకు ఒకటి రెండు కేసులు దాటదు.

దీని వెనకున్నది కాలేయంలో కాపురముండే ఒక చదును పురుగు (లివర్ ఫ్లూక్), ఒపిస్థార్కిస్ వివెరిని. పొడవు సెంటీమీటరు కూడా ఉండదు, ఆకులా బల్లపరుపుగా ఉంటుంది. థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, దక్షిణ వియత్నాంలలో కోటి మందికి అటూ ఇటూ దీని బారిన పడి ఉంటారని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లో దీన్ని మనుషుల్లో కచ్చితంగా క్యాన్సర్ కలిగించే కారకాల జాబితాలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నది కూడా ఆ జాబితాలోనే.

పురుగు బతుక్కి మూడు మజిలీలు. మనిషి మలంలో బయటికొచ్చిన గుడ్డు నీళ్లలో చేరితే బిథీనియా అనే చిన్న నత్త దాన్ని మింగుతుంది. నత్త కడుపులో ఆ గుడ్డు పిల్లలై, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని పెట్టి, చివరికి తోకలున్న లార్వాలై నీళ్లలోకి వస్తాయి. అవి ఈదుకుంటూ పోయి చేప చర్మంలోంచి దూరి, కండలో తిత్తి కట్టుకుని కూర్చుంటాయి. ఇది కార్ప్ కుటుంబం చేపల్లోనే ఎక్కువ. మన శీలవతి, బొచ్చె, పరిగెలు కూడా ఆ కుటుంబానివే. ఆ చేపను పచ్చిగా తింటే తిత్తి మనిషి చిన్నపేగు మొదట్లో విచ్చుకుంటుంది. లార్వా పిత్తనాళం ద్వారం గుండా పైకి పాకి కాలేయంలోని సన్నటి నాళాల్లో స్థిరపడుతుంది. నెల తిరిగేసరికి గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. పదేళ్లయినా అక్కడే బతకగలదు.

ఒక విచిత్రం గమనించాలి. చెరువులో నత్తల్ని పట్టి చూస్తే వందకు ఒకదానిలో కూడా పురుగు దొరకదు. అదే చెరువు చేపల్లో సగానికి పైగా తిత్తులుండొచ్చు. పురుగు పట్టిన ఒక్క నత్త రోజుకు వందల లార్వాలను నెలల తరబడి వదులుతుంది మరి. వానలు తగ్గి చలి మొదలయ్యే కాలంలో చేపల్లో తిత్తులు బాగా పెరుగుతాయి. పొలాల్లో నీళ్లు తీసి చేపలు పట్టుకునే రోజులు కూడా అవే.

ఇప్పుడు నిమ్మరసం సంగతి. రసం తగలగానే చేప ముక్క పారదర్శకత పోయి తెల్లబడుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. ఆమ్లానికి మాంసకృత్తులు విరిగిపోవడమే అది. కానీ లోపలి తిత్తి సంగతి వేరు. మన కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగు దాకా చేరడానికే దాని గోడ తయారైంది. నిమ్మకాయ పులుపు జఠర రసం పులుపుకు దరిదాపుల్లోనే ఉంటుంది, అంతకు మించదు. కాబట్టి ఎంత పిండినా తిత్తికి ఏమీ కాదు. కారం, సారా కూడా అంతే. సారా పురుగును చంపుతుందనే నమ్మకం ఊళ్లలో బలంగా ఉంది. నిజానికి అది కాలేయానికి రెండో దెబ్బ.

పురుగును చంపేది వేడి. ముక్క నడిమధ్య దాకా ఉడకాలి. పైపైన కాల్చి లోపల పచ్చిగా ఉంచితే లాభం లేదు. చలితోనూ చంపొచ్చు గానీ మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచాలి. ఇంట్లో ఫ్రిజ్ పైఅర, అందులోనూ గంటకోసారి తలుపు తీసేది, ఆ చలిని నిలపలేదు. ఇక పులియబెట్టిన చేపలు. ప్లా రా అనే రకాన్ని ఉప్పు దట్టించి నెలల తరబడి జాడీలో ఊరబెడతారు కాబట్టి తిత్తులు చచ్చిపోతాయి. ప్లా సోమ్‌లో ఉప్పు తక్కువ, రెండు మూడు రోజులకే పుల్లబడి తినేస్తారు. దానిలో తిత్తులు బతికే ఉండొచ్చు. ‘పులియబెట్టినవన్నీ మంచివే’ అని గానీ ‘అన్నీ చెడ్డవే’ అని గానీ చెప్పే ప్రచారం ఈ తేడాను మింగేస్తుంది. పాతబడిన ప్లా రాకు ఇంకో చిక్కుంది. పులిసిన చేపల్లో నైట్రోసమైన్లనే రసాయనాలు పుడతాయి. పురుగు వల్ల ఇప్పటికే వాచి ఉన్న నాళానికి అవి తోడైతే క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

థాయ్ ప్రభుత్వం ఈ పురుగు మీద పని 1950లలోనే మొదలుపెట్టింది. 1980లలో ప్రాజిక్వాంటెల్ మందు చేతికొచ్చాక పని ఊపందుకుంది. శరీర బరువు కిలోకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క మోతాదు చాలు. 60 కిలోల మనిషికి 2,400 మిల్లీగ్రాములు, అంటే 600 మిల్లీగ్రాముల బిళ్లలు నాలుగు. కాస్త తల తిరుగుతుంది, వికారం, తలనొప్పి రావచ్చు, మర్నాటికి తగ్గిపోతాయి. ఒక్క మోతాదుతో ఎక్కువ మందిలో పురుగులు పోతాయి. పక్కనే గోడల మీద, రేడియోలో ‘ఈసాన్ వాళ్లు పచ్చి చేప తినరు’ అనే నినాదం మోగింది. 1980ల మొదట్లో ఈశాన్యంలో మూడో వంతు జనంలో ఉన్న పురుగు 2009 జాతీయ సర్వే నాటికి 16.6 శాతానికి దిగింది.

లెక్క చూస్తే విజయమే. అయితే అది ఊరూరా ఒకేలా రాలేదు. చెరువుల పక్కనున్న కొన్ని ఊళ్లలో అప్పటికీ సగం మందికి పైగా పురుగుతోనే ఉన్నారు. మందు పురుగును చంపుతుంది, మళ్లీ రాకుండా ఆపదు. నా ఉద్దేశంలో ఈ ప్రచారానికి తగిలిన పెద్ద దెబ్బ మందు సులువుగా దొరకడమే. ‘తిన్నాక బిళ్ల వేసుకుంటే సరి’ అనే ధీమా జనంలో పాతుకుపోయింది. తినడం, బిళ్ల వేసుకోవడం, మళ్లీ తినడం. హ్యామ్‌స్టర్లనే ఎలుకలాంటి చిన్న జంతువుల్లో పురుగు పట్టించి, మందిచ్చి, మళ్లీ పట్టించిన ప్రయోగాల్లో నాళాల చుట్టూ వాపు తగ్గకపోగా ముదిరింది. చచ్చే పురుగు ఒంట్లోంచి ఒక్కసారిగా బయటపడే పదార్థాల మీద రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడుతుంది. మనుషుల్లో కూడా ఎక్కువసార్లు మందు వాడినవాళ్లలో క్యాన్సర్ ఎక్కువగా కనిపించిన అధ్యయనాలున్నాయి. అయితే దీన్ని బట్టి మందునే తప్పుపట్టలేం. ఎక్కువసార్లు మందు వాడినవాళ్లంటే ఎక్కువసార్లు పచ్చి చేప తిన్నవాళ్లే కదా.

ఒంట్లో పురుగు ఉందో లేదో చూసే పరీక్షలోనూ చిక్కులున్నాయి. ఊళ్లలో వాడేది కాటో-కాట్జ్ పద్ధతి. మలాన్ని జల్లెడ పట్టి, రంధ్రమున్న అచ్చుతో 41.7 మిల్లీగ్రాములు కొలిచి అద్దం మీద పెడతారు. గ్లిసరిన్‌లో నానిన సెలోఫేన్ ముక్క కప్పి, అదిమి, సూక్ష్మదర్శినిలో గుడ్లు లెక్కబెట్టి 24తో హెచ్చిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. 50 గుడ్లు కనిపిస్తే గ్రాముకు 1,200 అన్నమాట. జనంలో పురుగులు తగ్గేకొద్దీ ఈ పరీక్ష మొద్దుబారుతుంది. నాలుగైదు పురుగులున్న మనిషి గుడ్లు ఆ చిటికెడు మలంలో పడకపోవచ్చు. నాళం మూసుకుపోతే గుడ్లు అసలు కిందికే రావు, అంటే జబ్బు బాగా ముదిరినవాడికే నెగెటివ్ వస్తుంది. పైగా పేగుల్లో ఉండే ఇంకో రకం చిన్న పురుగుల గుడ్లు అచ్చం ఇలాగే ఉంటాయి. అందుకే ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూత్రంలో పురుగు తాలూకు పదార్థాన్ని పట్టే పరీక్ష తయారుచేశారు. మలం డబ్బా పట్టుకెళ్లడానికి మొహమాటపడేవాళ్లు కూడా మూత్రం ఇవ్వడానికి వెనకాడరు.

నినాదంతో, బిళ్లతో కానిది ఖోన్ కేన్ దగ్గరి లావా చెరువు ఊళ్లలో చాలా వరకు అయింది. 2007లో మొదలైన ఆ పనిని లావా నమూనా అంటారు. దాని పద్ధతి పురుగు ఆగే ప్రతి మజిలీ దగ్గరా అడ్డుపడటం. ఒకవైపు మనుషులకు మందిచ్చారు. ఊళ్లోని ఆరోగ్య వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. థాయ్‌లాండ్‌లో ఈ వాలంటీర్లు 10 లక్షలకు పైగా ఉన్నారు, ఒక్కొక్కరి కింద పది పదిహేను ఇళ్లుంటాయి. పక్కింటి మనిషి కాబట్టి ఎవరింట్లో పచ్చి చేప తింటారో వాళ్లకు చెప్పక్కర్లేదు. బడుల్లో పిల్లలకు పురుగు జీవితచక్రాన్ని పాఠంగా పెట్టారు. పచ్చి చేప అలవాటు ఇంకా పడని వయసు కనుక వాళ్ల మీద పెట్టిన శ్రమ ఎక్కువ ఫలిస్తుంది. పిల్లులు, కుక్కలకూ మందిచ్చారు. చేపల తలలూ తోకలూ పచ్చిగా పడేస్తే తినేది అవే, వాటి కాలేయంలోనూ ఇదే పురుగు. చెరువులో నత్తల్నీ చేపల్నీ పట్టి ఎప్పటికప్పుడు పరీక్షించి, ఫలితాలు ఊరివాళ్లకే చూపించారు. కొన్నేళ్లకు ఆ ఊళ్లలో 60 శాతం దాటి ఉన్న పురుగు 10 శాతం లోపుకు పడిపోయింది. చేపల్లో 70 శాతం నుంచి ఒక శాతం దగ్గరికి వచ్చింది. చేపల్లో తగ్గడమే అసలు గీటురాయి. మనుషుల్లో తగ్గింది బిళ్ల వల్ల కావచ్చు, చేపకు ఎవరూ బిళ్ల వేయరు.

ఇంకా తెగని ముడి మరుగుదొడ్డి. ఈసాన్‌లో దాదాపు ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉంది, కనుక ఆ పని అయిపోయిందని చాలాకాలం అనుకున్నారు. సెప్టిక్ ట్యాంకు నిండాక దాన్ని తోడుకెళ్లే లారీ ఆ మురుగును పొలాల్లోనో వాగులోనో వదిలేస్తే గుడ్లు తిన్నగా నత్తల దగ్గరికే చేరతాయి. మురుగును ఇసుక మడుల్లో పోసి బాగా ఎండబెడితే గుడ్లు చస్తాయి. దానికి స్థలం కావాలి, నడిపేవాళ్లు కావాలి, లారీవాడు అంత దూరం తోలుకెళ్లేలా చూసే పంచాయతీ కావాలి. మందుల ఖర్చుకు ఒప్పుకునే స్థానిక సంస్థలు దీనికి అంత తొందరగా ఒప్పుకోవు.

క్యాన్సర్ లెక్కలు మాత్రం పురుగు తగ్గినంత తొందరగా తగ్గవు. పురుగు చేరిన ఇరవై ముప్పై ఏళ్లకు గానీ క్యాన్సర్ బయటపడదు. ఈరోజు ఆసుపత్రికొచ్చే అరవై ఏళ్ల రైతు ఒంట్లో పురుగు పడింది 1990ల ముందే కావచ్చు. ఎక్కువ మంది కామెర్లు కమ్మాకే వస్తారు, అప్పటికి శస్త్రచికిత్స దశ దాటిపోయి ఉంటుంది. ఆపరేషన్ తప్ప జబ్బును పూర్తిగా తీసేసే దారి మరొకటి లేదు. అందుకే 2013లో ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం 40 ఏళ్లు దాటినవాళ్లకు అల్ట్రాసౌండ్ చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. 2016లో ప్రభుత్వం పదేళ్ల జాతీయ ప్రణాళిక ప్రకటించింది. అల్ట్రాసౌండ్‌లో డాక్టర్లు వెతికేది గడ్డ ఒక్కదాన్నే కాదు, పిత్తనాళాల చుట్టూ పేరుకున్న పీచు కణజాలాన్ని కూడా. అది తెల్లటి గీతల్లా కనిపిస్తుంది. గీతలు ఉన్నవాళ్లను ఆరు నెలలకోసారి, లేనివాళ్లను ఏడాదికోసారి రమ్మంటారు. మల పరీక్షలో పురుగు లేదని తేలినా, చిన్నప్పుడు కోయ్ ప్లా తిన్నవాళ్లు ఈ పరీక్ష మానకూడదు.