పాత స్టూడియో ఫొటోలు: అపోహలు – వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలోని మా స్టూడియోకు పాత ఫొటోలు బాగు చేయించుకోవడానికి వచ్చేవారు, బొమ్మలో కనబడినదాన్ని బట్టి తమ పెద్దల గురించి ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. ఆనాటి ప్లేటు, అంటే కెమెరాలో ఫిల్ముకు బదులు వాడిన మందు పూసిన పలక, ఎలా పనిచేసేదో తెలిస్తే ఆ నిర్ణయాలు చాలావరకు నిలవవు.

అపోహ: "ముత్తమ్మమ్మ నల్లబొట్టు పెట్టుకునేదండీ, కట్టింది తెల్లచీరే."

వాస్తవం: తొలితరం ప్లేట్లు నీలి, ఊదా కాంతికే బాగా స్పందించేవి. అందువల్ల ఎర్రటి కుంకుమ నల్లగా, పసుపు రాసుకున్న ముఖం ఉన్నదానికంటే నల్లగా, లేత నీలం చీర తెల్లగా పడేవి. 1873లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫోగెల్ ప్లేటు మందులో రంగుద్రవ్యం కలిపి ఆకుపచ్చ, పసుపు కాంతులను కూడా పట్టవచ్చని కనుగొన్నాడు కానీ, ఎరుపు ఆ తరువాత కూడా చాలాకాలం అందలేదు. మేము డార్క్‌రూంలో ఎర్రబల్బు వెలుతురులో నిశ్చింతగా ప్రింట్లు కడగగలిగింది కూడా కాగితానికి ఎరుపు సోకదు గనుకనే. కాబట్టి తెల్లచీరను చూసి ఆమెను వితంతువుగా లెక్కకట్టేముందు మెడలో నల్లపూసలున్నాయేమో భూతద్దంతో చూడండి. ఫొటోకు రంగులు వేయించేటప్పుడు ఆ బొట్టును నల్లగా ఉంచవద్దని నేను పట్టుబట్టి చెబుతాను.

అపోహ: ఫొటో ఉందంటే జమీందారీ కుటుంబమే.

వాస్తవం: 1854లో పారిస్‌లో డిస్డెరి అనే ఫొటోగ్రాఫర్ ఒకే ప్లేటుపై అనేక చిన్న చిత్రాలు తీసే పద్ధతికి పేటెంటు పొందిన తరువాత ధర దిగివచ్చి, వర్తకులూ గుమాస్తాలూ కూడా స్టూడియో మెట్లెక్కారు. మన వైపు 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింది సేద్యంతో నాలుగు డబ్బులు చూసి, పిల్లలను చదువులకూ కోర్టు కొలువులకూ పంపిన కుటుంబాలకు కాలక్రమంలో ఆ అవకాశం దక్కింది. చెక్కడపు కుర్చీ, బల్లమీది లావుపాటి పుస్తకం, వెనుక తెరపై గీసిన స్తంభాలు సాధారణంగా స్టూడియో సామానే. దాన్ని డాంబికమని తీసిపారేయడం నాకు నచ్చదు. చదువుకుని పైకొచ్చిన తొలితరం తన గౌరవాన్ని నలుగురికీ చూపుకున్న తీరు అది.

అపోహ: గంటలకొద్దీ కూర్చోబెట్టేవారు, వెనుక ఇనుప స్టాండు కనబడితే అది శవం ఫొటో.

వాస్తవం: ఫొటోగ్రఫీ తొలినాళ్లలో, 1839 నాటి నిమిషాల నిరీక్షణ, 1851లో తడిప్లేటు (మందు తడి ఆరకముందే ఫొటో తీసే పలక) వచ్చాక మంచి వెలుతురులో కొన్ని సెకన్లకు తగ్గింది. ఆ కొన్ని సెకన్లలో తల కదిలితే ముఖం చెదిరిపోతుంది గనుక మెడ వెనుక ఆనించిన స్టాండు అది. ప్రాణంలేని దేహాన్ని నిలువునా మోసే బలం దానికి లేదు.