గోడ మూలుగు

కర్నూలు పాతబస్తీలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మా పక్కింటి అవ్వ పడుకునే గది గోడ మా పెరట్లోకి ఉంటుంది. పోయిన వేసవిలో ఏసీ పెట్టించినప్పుడు అవుట్‌డోర్ యూనిట్‌ను ఆ గోడకే ఇనుప బ్రాకెట్ల మీద బిగించారు. నాలుగో రోజు అవ్వ వచ్చి, "ఏం నాయనా, రాత్రంతా గోడ మూలుగుతాంది. కంటికి నిద్రే ల్యా" అంది.

పెరట్లో నిలబడి వింటే పెద్ద చప్పుడేమీ లేదు. ఆమె గదిలోకి పోయి మంచం మీద కూర్చున్నాక తెలిసింది. బొంగురు మోత, చెవికంటే ముందు ఛాతీకి తగులుతోంది. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే సన్నగా అదురుతోంది. అవ్వ మాట అక్షరాలా నిజం. మూలిగేది మిషన్ కాదు, గోడే.

ఫోన్‌ను వైబ్రేషన్‌లో పెట్టి చేత్తో పట్టుకోండి, చప్పుడు అంతంతమాత్రం. దాన్నే స్టీలు పళ్లెంలో పెట్టి చూడండి. ఫోన్‌లో మార్పేమీ లేదు. పళ్లెం వెడల్పుగా ఉంది కాబట్టి ఎక్కువ గాలిని కదిలిస్తుంది. గోడ చేసే పనీ అదే.

ఇంతకీ ఆ అదురు ఎక్కడిది? ఏసీ అంటే వేడిని తోడే పంపు, అంటే హీట్ పంపు. నీళ్ల మోటరు కింది నీటిని మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించినట్టు, ఇది చల్లటి గదిలోని వేడిని ఎండ కాసే బయటికి ఎక్కిస్తుంది. చలి దేశాల్లో ఇదే పద్ధతిలో బయటి చలిగాలిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపుతారు. అక్కడా పక్కింటివాళ్లకు ఇదే బాధ, కాకపోతే చలికాలం రాత్రుల్లో. ట్యాంకు ఎత్తు పెరిగేకొద్దీ మోటరుకు పని పెరుగుతుంది కదా, ఇక్కడా అంతే. గదిలో 24 డిగ్రీలు కావాలనుకుందాం. బయట 34 కాక 44 ఉంటే, అంతే వేడిని తోడడానికి కావలసిన కనీస పని రెట్టింపవుతుంది. మే నెల ఎండల్లో కంప్రెసర్ ఎంత కష్టపడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కంప్రెసర్ ప్రతి చుట్టులోనూ గ్యాస్‌ను నొక్కుతుంది. ఆ బలం చుట్టంతా ఒకేలా ఉండదు, అందుకే పెట్టె అదురుతుంది. వేగం మారని పాతరకం ఏసీలో అది సెకనుకు సుమారు 48 చుట్లు తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో మోటరు అయస్కాంత బలం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కాబట్టి దాని గుయ్యిమనే మోత 100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇన్వర్టర్ ఏసీలో వేగం మారుతూ ఉంటుంది. ఏదో ఒక వేగం దగ్గర ఆ అదురు గోడ సహజంగా ఊగే లయతో కలిస్తే, ఊయలను సరైన క్షణంలో తోసినట్టు మోత అమాంతం పెరుగుతుంది. "కాసేపు తగ్గి మళ్లా మొదలైతాంది" అని అవ్వ చెప్పింది ఇదే.

ఇలాంటి మోతను శబ్దం కొలిచే మీటరు సరిగ్గా పట్టుకోదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. ఆ కొలతలో 100 హెర్ట్జ్ దగ్గరి శబ్దానికి సుమారు 19, 50 హెర్ట్జ్ దగ్గరైతే 30 డెసిబెల్స్ తగ్గించి లెక్కేస్తారు. చిన్న శబ్దాలకు మన చెవి స్పందించే తీరును బట్టి పెట్టిన లెక్క అది. నిశ్శబ్దమైన గదిలో ఎడతెగని బొంగురు మోతతో పడే అవస్థ అందులో కనబడదు. మీటరు బాగానే చూపిస్తోంది కదా అని పెద్దవాళ్ల మాట కొట్టిపారేయడం అన్యాయం.

యూనిట్ చుట్టూ రేకు కట్టించమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయకండి. వదిలిన వేడిగాలినే యూనిట్ మళ్లీ పీల్చుకుంటుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది, మోత ఇంకా ఎక్కువవుతుంది. కిటికీకి మందపాటి కర్టెన్ కట్టినా ఈ మోతకు అడ్డం కాదు.

మేము యూనిట్‌ను గోడ మీంచి దించి మా మిద్దె మీదికి, కింద దూలం ఉన్న చోటికి మార్పించాం. మందపాటి రబ్బరు షీటు పరిచి, దాని మీద యూనిట్ కంటే బరువైన కడప బండ వేసి, యూనిట్‌ను బండకు బిగించాం. కింద అంత బరువుంటే కంప్రెసర్ దాన్ని ఊపలేదు, మిగిలిన కాస్త అదురు రబ్బరులో అణుగుతుంది. అయినా కొంచెం మోత మిగిలింది. వెతికితే కాపర్ పైపు దొరికింది. దాన్ని గోడకు క్లాంపులతో బిగించి, దూరే బెజ్జంలో సిమెంటు నింపారు. అదురు రబ్బరును తప్పించుకుని అటు నుంచి గోడలోకి పోతోంది. సిమెంటు తీసి మెత్తటి ఫోమ్ పెట్టించాం, పైపుకు యూనిట్ దగ్గర ఒక చుట్టు వదులు ఇప్పించాం. ఆ రాత్రి అవ్వ గది గోడ మీద చెయ్యి పెడితే అదురు తెలియలేదు.

ఎండకు రబ్బరు గట్టిపడుతుంది. అందుకే శివరాత్రి దాటాక, ఏసీ మొదలుపెట్టే ముందు, కాయిల్‌లో దుమ్ము కడిగించి రబ్బరును గోటితో నొక్కి చూస్తున్నాను. గోరు దిగకపోతే మార్పిస్తాను.