తుప్పు పట్టించే పెట్టె

"మా నాన్నగారి పాత హాలో బాడీ (ఒళ్లు డొల్లగా ఉండే) ఎలక్ట్రిక్ గిటారుకి ఎన్నిసార్లు తీగలు మార్చినా కొన్నాళ్లకే తుప్పు పడుతున్నాయి. తీగలే నాసిరకమేమో అనుకున్నాం. ఒకసారి దాన్ని దాచే పెట్టెలోనే నా కొత్త గిటారు పెడితే దానికీ అదే గతి పట్టింది. ఆ పెట్టెకేదో దోషం ఉందంటున్నారు ఇంట్లో. దాన్ని ఏం చేయాలి? పాత పికప్‌లు తీసేసి కొత్తవి వేయించడం మంచిదేనా?" అని ఒక పాఠకుడు అడిగారు.

దోషం ఉన్నమాట నిజమే. కాకపోతే అది మంత్రాలకు పోయేది కాదు, గాలికి పోయేది. పికప్‌ల, అంటే తీగల ఊపును కరెంటు సంకేతంగా మార్చే భాగాల, సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గిటారు పిక్‌గార్డ్‌ను, అంటే గీతలు పడకుండా తీగల పక్కన బిగించే ప్లాస్టిక్ రేకును, బొటనవేలితో గట్టిగా, వేడి పుట్టేదాకా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. కొందరు చిన్న ముక్క గీకి అగ్గిపుల్లతో అంటించి పరీక్షిస్తారు. ఆ పని మాత్రం చేయకండి, భగ్గుమంటుంది.

ఎందుకు భగ్గుమంటుందో తెలిస్తే మిగతా కథ సగం తెలిసినట్టే. పత్తిలో ఉండే సెల్యులోజ్‌ను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో నానబెడితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. 1846లో క్రిస్టియన్ షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని లోకానికి చాటాడు. అందులో నైట్రోజన్ పదమూడు శాతం దరిదాపుల్లో ఉంటే పేలుడు పదార్థం. పదకొండు దగ్గర ఆపి, కర్పూరం కలిపి, వేడిమీద ఒత్తితే కావలసిన ఆకారానికి వంగే ప్లాస్టిక్, అదే సెల్యులాయిడ్. జాన్ వెస్లీ హయత్ ఈ రెండోదానికి 1870లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. తుపాకి మందుకి వరసకి తమ్ముడయ్యే ఈ పదార్థంతోనే దువ్వెనలు, సినిమా రీళ్లు, గిటారు ఒంటి చుట్టూ అతికించే అంచుపట్టీలు, పిక్‌గార్డ్‌లు చేశారు. 1950ల మొదట్లో సినిమావాళ్లు దాన్ని వదిలేశారు. గిటారువాళ్లు వదల్లేదు. ఏనుగు దంతం రంగు, తాబేలు చిప్ప మచ్చలు, ముత్యపు మెరుపు, వీటన్నిటినీ అంత అందంగా తెచ్చిపెట్టే ప్లాస్టిక్ వేరే లేదు మరి.

సెల్యులోజ్ గొలుసు మీద నైట్రేట్ గుంపులు ఎస్టర్లుగా (ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే ఏర్పడే బంధంతో) వేలాడుతుంటాయి. ఆక్సిజన్‌కీ నైట్రోజన్‌కీ మధ్య ఉన్న బంధం బలహీనమైనది. దాన్ని తెంచడానికి మోల్‌కి సుమారు 160 కిలోజౌల్‌లు చాలు. కార్బన్-కార్బన్ బంధానికైతే 350 దాకా కావాలి. అందుకని గది వేడికే, చాలా నెమ్మదిగా, కొన్ని గుంపులు ఊడిపోతూ నైట్రోజన్ డయాక్సైడ్ వాయువును వదులుతాయి. అది గాలిలోని తేమతో కలిసి నైట్రిక్, నైట్రస్ ఆమ్లాలవుతుంది. ఇంతవరకూ భయపడాల్సింది లేదు. ప్రమాదమంతా తర్వాతి మెట్టులో ఉంది. ఎస్టర్ బంధాన్ని నీటితో తెంచే చర్యను, అంటే జలవిశ్లేషణను, ఆమ్లం వేగవంతం చేస్తుంది. ఆమ్లం పుడితే ఇంకొన్ని గుంపులు ఊడతాయి, అవి ఊడితే మరింత ఆమ్లం పుడుతుంది.

బడిలో ఉత్ప్రేరకం అనగానే బయటినుంచి తెచ్చి వేసే చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్‌ను చూపించి ఊరుకుంటారు. చర్యలో పుట్టిన పదార్థమే ఆ చర్యకు ఉత్ప్రేరకం కావచ్చని చెప్పే పాఠం నాకైతే ఎక్కడా తగల్లేదు. నిజానికి పిల్లలకు చెప్పాల్సింది ఇదే. ఎందుకంటే దీనికి కావలసిన లెక్క వాళ్లకు ముందే వచ్చు. అది చక్రవడ్డీ లెక్క.

ఆమ్లం అసలు అనుకోండి. అది రోజూ కొంత వడ్డీ పుట్టిస్తుంది. ఆ వడ్డీ వెళ్లి అసలులో కలుస్తుంది. మొదటి ఇరవై ముప్పై ఏళ్లు ఏమీ జరుగుతున్నట్టు కనపడదు. చక్రవడ్డీలో మొదట్లో ఎవరికీ ఏమీ కనపడదు కదా. తర్వాత అంచుపట్టీ కాస్త పసుపు రంగుకి తిరుగుతుంది, కుంచించుకుంటుంది, వెంట్రుకవాసి పగుళ్లు వేస్తుంది, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే పొడిపొడిగా రాలిపోతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి పాడైంది" అని గిటారు యజమానులు అంటుంటారు. వాళ్లు చెప్పేది నిజమే. చక్రవడ్డీ అప్పులు అలాగే మునుగుతాయి.

ఇదే లెక్క ఇంకో చిక్కును కూడా విప్పుతుంది. ఒకే ఏడాది, ఒకే తయారీదారు చేసిన రెండు గిటార్లలో ఒకటి చెక్కుచెదరకుండా ఉంటుంది, రెండోది రాలిపోతుంది. దీనికి జాతకాలు వెతకనక్కర్లేదు. తయారీలో వాడిన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కడగడంలో తేడా వస్తే చాలు. నైట్రోసెల్యులోజ్‌ను గుజ్జుచేసి పదే పదే కడిగితేనే నిలకడగా ఉంటుందని 1860లలోనే ఫ్రెడరిక్ ఏబెల్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త చూపించాడు. కడగడం తగ్గిన ముక్కకు పుట్టుకతోనే అసలు ఎక్కువ. రంగు కోసం కలిపే జింక్ ఆక్సైడ్‌ది దీనికి తలకిందులు వ్యవహారం. అది ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తుంది. అందుకే తెల్లని, కాంతి చొరబడని ముక్కలు చాలాసార్లు ఎక్కువకాలం బతుకుతాయి. వెలుతురు దూరే తాబేలు చిప్ప రకం ముందు పోతుంది.

ఇప్పుడు ఒక అనుమానం రావాలి. ఆ కాలపు గిటార్ల మీద పూసిన లక్క (లాకర్ అనే మెరుగు పూత) కూడా నైట్రోసెల్యులోజే. మరి ఒళ్లంతా అదే పదార్థం పూసుకున్న గిటారులో లక్క పసుపు రంగుకి తిరిగి, సన్నగా చిట్లి ఊరుకుంటుంది గానీ అంచులా పొడి కాదేం?

ప్రధాన కారణం మందం. ఆమ్లం వడ్డీ పుట్టించే రేటు k అనుకుందాం, వాయువుగా బయటికి జారుకునే రేటు m అనుకుందాం. లోపల ఆమ్లం పెరుగుతుందా తరుగుతుందా అన్నది k, m లలో ఏది పెద్దదన్న ఒక్క విషయం మీదే ఆధారపడుతుంది. m పెద్దదైతే వడ్డీ పుట్టింది పుట్టినట్టే చెల్లిపోతుంది, అసలు ఎన్నటికీ పెరగదు. వ్యాపనం ద్వారా బయటపడటానికి పట్టే కాలం మందపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. లక్క పొర మందం ఓ 0.1 మిల్లీమీటరు అనుకుంటే, అంచుపట్టీ 1.5 మిల్లీమీటర్లు. మందం పదిహేను రెట్లు, బయటపడే కాలం 225 రెట్లు. పదార్థం అదే, k అదే. m మాత్రం రెండు వందల రెట్లకు పైగా పడిపోయింది. k, m సమానమయ్యే గీతకు లక్క ఇటువైపు, అంచు అటువైపు. వేడి పెరిగితే k పెరుగుతుంది, పది డిగ్రీలకు రెట్టింపు కంటే ఎక్కువే.

ఈ లెక్కలో మన చేతిలో ఎక్కువగా ఉన్నది m. దాన్ని చేతులారా సున్నా చేసేది పెట్టె. ముక్కలోంచి బయటపడ్డ ఆవిరి మూతవేసిన పెట్టెలో ఎక్కడికీ పోలేక మళ్లీ ముక్క మీదే వాలుతుంది. "ఎంతో జాగ్రత్తగా ఇరవై ఏళ్లు పెట్టెలోంచి తీయకుండా దాచాను" అన్నవాళ్ల గిటార్లే ఎక్కువ పాడవడం ఇందుకే. రోజూ వాయించి గోడకి తగిలించినవి బతికిపోతాయి. పెట్టె లోపలి మఖమలు గుడ్డ ఏళ్ల తరబడి ఆ ఆవిరిని పీల్చుకుని ఉంటుంది. తర్వాత ఏ గిటారు పెట్టినా దాని తీగలకూ పూస్తుంది. మా పాఠకుడి ఇంట్లో వాళ్లన్న దోషం ఇదే.

పరీక్షించి చూడొచ్చు. 1973లో బ్రిటిష్ మ్యూజియంకు చెందిన ఆండ్రూ ఆడీ పేరుమీద వచ్చిన పరీక్ష ఒకటుంది. అనుమానం ఉన్న వస్తువుతోపాటు వెండి, రాగి, సీసం రేకులను కొంచెం తేమ ఉన్న గాజుపాత్రలో మూసి, 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి, ఏ రేకు మాసిందో చూస్తారు. మనకంత హంగు అక్కర్లేదు. కొత్త సన్నతీగను రెండు ముక్కలు చేసి, ఒకటి ఖాళీ పెట్టెలో, ఒకటి బయట అల్మరాలో ఉంచండి. గీకి మెరిపించిన రాగి తీగ ముక్కలను కూడా పక్కన పెట్టండి. కొన్ని వారాల తర్వాత పోల్చి చూడండి. పెట్టెలోని రాగి ఒక్కటే ఆకుపచ్చగా మారితే ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

గిటారు మీద కూడా ఆనవాళ్లు ఉంటాయి. చెమట వల్ల వచ్చే తుప్పు చెయ్యి ఆనే చోట వస్తుంది. ఆమ్లపు తుప్పు ప్లాస్టిక్‌కు దగ్గరగా మొదలై, దూరమయ్యేకొద్దీ తగ్గుతుంది. పిక్‌గార్డ్ వైపున్న పికప్ అంచు మీద ఆకుపచ్చటి పొక్కులు, అవతలి అంచు నిగనిగ. నికెల్ పూత కింద రాగి ఉన్న మిశ్రలోహం ఉంటుంది, ఆ పచ్చదనం రాగిది. అంచుపట్టీని గిటారు నడుము దగ్గర చూడండి. కర్పూరం ఎగిరిపోయి కుంచించుకున్న పట్టీ దగ్గరిదారి వెతుక్కుంటుంది, కాబట్టి లోపలికి వంపు తిరిగిన నడుము దగ్గరే చెక్కను వదిలి తీగలా బిగుసుకుంటుంది. మధ్యలో గోరు దూరేంత సందు. దాన్ని బలవంతంగా నొక్కి జిగురు పెట్టేవాళ్లున్నారు. ఇంకోచోట తెగుతుంది. మెడ దగ్గర కోసి, పట్టీని వదులుచేసి నడుముకి అతికించి, చివర మిగిలిన ఖాళీలో చిన్న ముక్క పెట్టడం సరైన పని.

ఇక పికప్‌లు. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సేత్ లవర్ పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్‌నే (రెండు తీగచుట్టలున్న పికప్) తీసుకుంటే, ఒక్కో చుట్టలో సుమారు 5000 చుట్లు. ఆ రాగి తీగ మందం 0.06 మిల్లీమీటర్లు, తల వెంట్రుక అంత. దాన్ని ఒక్కచోట ఆమ్లం తినేస్తే చాలు, చుట్ట మొత్తం మూగబోతుంది. పైన కవరు తుడిస్తే మెరుస్తుంది, తెగిన తీగ తుడిస్తే అతకదు. కాబట్టి నా మాట వింటే, పాత హాలో బాడీకి చేయాల్సిన మొదటి మార్పు పికప్ మార్చడం కాదు, పిక్‌గార్డ్ మార్చడం. అదేమంత పెద్ద పనీ కాదు. ఆర్చ్‌టాప్ (పైచెక్క ఉబ్బెత్తుగా ఉండే) గిటార్లలో పిక్‌గార్డ్ పైచెక్కకు అతుక్కుని ఉండదు. మెడ దగ్గర ఒక మర, పక్కచెక్క మీద ఒక లోహపు చెయ్యి, ఆ రెండూ విప్పితే చేతిలోకి వస్తుంది. న్యూయార్క్‌లో జాన్ డి'ఏంజెలికో చేత్తో చేసిన ఆర్చ్‌టాప్‌లకు కూడా రాలిపోతున్న పిక్‌గార్డ్ తీసి కొత్తది వేయడం మరమ్మతుదారులకు మామూలే. 1950లు, 60ల నాటి గ్రెచ్ కంపెనీ గిటార్లకైతే అంచుపట్టీ జబ్బు పేరుపడ్డదే. "ఒరిజినల్ భాగం కదలకూడదు" అని పట్టుబట్టే సేకర్తల లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఆ ఒక్క ఒరిజినల్ ముక్క మిగతా ఒరిజినల్ ముక్కలన్నిటినీ తినేస్తోంది.

పికప్‌లు పనిచేస్తుంటే వాటిని ఉంచేయండి. మీటరుతో నిరోధం కొలిచి రాసిపెట్టుకోండి. పాత హంబకర్‌కి ఏడెనిమిది కిలో ఓమ్‌లు రావాలి. అంకె చూపకుండా తెగిపోయినట్టు చూపిస్తే అప్పుడు మార్చే సంగతి ఆలోచించొచ్చు. పాట్‌లు (శబ్దం, స్వరం పెంచి తగ్గించే మీటల కింది భాగాలు) మార్చాల్సి వస్తే ఎఫ్-హోల్‌లోంచే, అంటే పైచెక్కలో f ఆకారంలో ఉండే రంధ్రంలోంచే తీయాలి. విప్పే ముందు ఒక్కో పాట్ కాడకు పొడుగు దారం కట్టి లోపలికి వదలండి. తిరిగి పెట్టేటప్పుడు దారం లాగితే కాడ తన రంధ్రంలోకి తానే వస్తుంది. టంకం పని గిటారు ఒంటి బయటే చేయండి. సెల్యులాయిడ్ పక్కన వేడి ఇనుము పెట్టకూడదని వేరే చెప్పాలా?

గిటారు ఊళ వేయకుండా దాని ఒంటి నిండా ఫోమ్ కుక్కేవాళ్లకు ఒక మాట. ఆంప్ (యాంప్లిఫయర్) శబ్దం పైచెక్కను ఊపి, ఆ ఊపు పికప్‌లోంచి మళ్లీ ఆంప్‌లోకి వెళ్లడం వల్ల ఊళ వస్తుంది. ఫోమ్ దాన్ని తగ్గిస్తుంది కూడా. కానీ పాలిఎస్టర్ రకం పాలియురేథేన్ ఫోమ్‌ది కూడా సరిగ్గా ఇదే జబ్బు. తేమతో విరిగి ఆమ్లాన్నిస్తుంది, ఆ ఆమ్లం మరింత విరుస్తుంది, చివరికి బంకలా కారి చెక్కకు అంటుకుంటుంది. ఎఫ్-హోల్‌లకు తీసేయడానికి వీలైన మూతలు పెట్టుకోవడం మేలు.

తీసిన పిక్‌గార్డ్‌ను పారేయకండి, ప్లాస్టిక్ సంచిలో మూయకండి. కాగితపు కవర్లో పెట్టి, గిటారుకి దూరంగా, చల్లగా, గాలి ఆడే చోట ఉంచండి. బేకింగ్ సోడా నీళ్లతో కడగమనే సలహా వింటుంటాం. పైపైన ఆమ్లం పోతుంది, నిజమే. కానీ జలవిశ్లేషణకు కావలసిన నీటిని మనమే లోపలికి పంపినట్టు అవుతుంది. నేను చేయను. తేమ విషయంలో మాత్రం రాజీ తప్పదు. చెక్కకి 45 నుంచి 50 శాతం తేమ హాయి, సెల్యులాయిడ్‌కి అంతకంటే తక్కువైతే మేలు. అంచుపట్టీని గిటారు నుంచి విడదీయలేం కాబట్టి 45 దగ్గర ఉంచి, పెట్టె మూత తెరిచిపెట్టడమే నాకు తెలిసిన దారి. ఉత్తేజిత బొగ్గు పొట్లం ఒకటి పెడితే ఆవిరిని కొంత పీలుస్తుంది. వాసన ఘాటుగా ఉన్న పాత పెట్టెను మాత్రం వదిలేసి కొత్తది తీసుకోవాలి.

కొత్త పిక్‌గార్డ్‌కి యాక్రిలిక్ గానీ ఏబీఎస్ గానీ, ఏదో ఒక ప్లాస్టిక్ చాలు. అయితే పాతది రాలిపోకముందే దాన్ని గట్టి కాగితం మీద పెట్టి చుట్టూ సన్న పెన్సిల్‌తో గీసుకోండి. మర రంధ్రాలు, పికప్ దగ్గరి కోత కూడా గుర్తుపెట్టండి. ఆ ముక్క కుంచించుకుని ఉంటుంది కాబట్టి రంధ్రాల మధ్య దూరాన్ని గిటారు మీదే కొలిచి, పక్కన రాసుకోండి.